సైటు మీద కూలీకి దెబ్బ తగిలితే ఏ పాలసీ పలుకుతుంది? చిన్న కాంట్రాక్టర్ల కోసం ఒక పోలిక

హన్మకొండలో పద్దెనిమిదేళ్లుగా ఇళ్లు, చిన్న అపార్ట్‌మెంట్లు కడుతున్నాను. "లేబర్‌కు పాలసీ ఉందా?" అని ఎవరైనా అడిగితే చాలా ఏళ్లు "ఉంది" అనే చెప్పాను. అది అబద్ధం కాదు. బీరువాలో ఒకటి కాదు, రెండు పాలసీలు ఉండేవి. అవసరం పడ్డ రోజున మాత్రం రెండింట్లో ఒక్కటీ పలకలేదు.

భీమారం వైపు ఒక ఇంటి పని. రెండో అంతస్తు స్లాబ్ వేసి ఇరవై రోజులు దాటింది, సెంట్రింగ్ విప్పుతున్నారు. ఆ పొద్దున మనుషులు తక్కువైతే మేస్త్రి కూలీల అడ్డా మీది నుంచి ఇద్దరిని తెచ్చాడు. వాళ్లలో ఒకతను సజ్జ పక్కన పరంజా మీద నిలబడి ఇనుప ప్లేటు లాగుతుంటే వెదురుకు కట్టిన సుతిలి తెగింది. ప్లేటు, మనిషి కలిసి ఇటుకల కుప్ప మీద పడ్డారు. నేను పరుగెత్తుకెళ్లేసరికి అతని కుడి పాదం మడమ దగ్గర పక్కకు తిరిగిపోయి ఉంది. ప్లేట్లు విప్పే రాడ్డును చేతిలోంచి ఇంకా వదల్లేదు. "సార్, ఇంటికి ఫోన్ చెయ్యకుండ్రి, అమ్మ భయపడతది" అన్నాడు. అతని ఇంటి నంబరు సంగతి పక్కన పెడితే, ఇంటిపేరు కూడా నాకప్పటికి తెలియదు.

ఆసుపత్రి నుంచే ఏజెంటుకు ఫోన్ చేశాను. "అన్నా, నీకున్నదాంట్ల ఒకటి బిల్డింగుకు. ఇంకోటి పన్నెండు మంది పేర్ల మీద. ఈయన పేరు అందుల లేదు గదా" అన్నాడు. ఆపరేషన్, ఎనిమిది నెలల ఇంటి ఖర్చు, చివరికి ఇచ్చిన పరిహారం అన్నీ నా జేబులోంచే పోయాయి. డబ్బు పోయినందుకు బాధపడలేదు, అతనికి అది రావలసిందే. నన్ను బాధపెట్టింది వేరే. ఆ ఎనిమిది నెలలూ వాళ్లమ్మ ప్రతి నెలా నా ఇంటి ముందుకొచ్చి నిలబడి అడగాల్సి వచ్చింది. సరైన పాలసీ ఒక్కటి ఉండి ఉంటే ఆమెకు ఆ గతి పట్టేది కాదు.

అందుకే ఏ పాలసీ దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో నేను నేర్చుకున్నంత మేరకు రాస్తున్నాను.

ముందు మన మీద పడే బాధ్యత ఎంత?

పాలసీల రేట్లు చూసే ముందు ఈ లెక్క చూడాలి. పనిలో ఉండగా, పని కారణంగా కార్మికుడికి ప్రమాదం జరిగితే పరిహారం ఇవ్వాల్సింది యజమానే. తప్పు ఎవరిదన్నది ఇక్కడ ప్రశ్న కాదు. 1923 నాటి కార్మికుల పరిహార చట్టం నుంచి వస్తున్న సూత్రం ఇది. 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రత కోడ్-2020 అమల్లోకి రావడంతో ఇది ఆ కోడ్‌లోని 7వ అధ్యాయంలోకి మారింది. లెక్క కట్టే పద్ధతి మాత్రం పాతదే. మనిషి చనిపోతే నెల జీతంలో సగాన్ని, వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకంతో హెచ్చించాలి. శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి వస్తే జీతంలో 60 శాతాన్ని అదే గుణకంతో హెచ్చించాలి. లెక్కలోకి తీసుకునే నెల జీతం పరిమితిని 2020 జనవరిలో కేంద్రం 8,000 నుంచి 15,000 రూపాయలకు పెంచింది.

ఉదాహరణకు 30 ఏళ్ల మనిషికి గుణకం 207.98. చనిపోతే 15,000లో సగాన్ని, అంటే 7,500ను దానితో హెచ్చిస్తే 15,59,850 రూపాయలు. పూర్తి శాశ్వత వైకల్యమైతే 18,71,820. చేతి బొటనవేలు తెగితే చట్టం లెక్కలో సంపాదన శక్తి 30 శాతం పోయినట్టు. అంటే 5,61,546. కటింగ్ మిషన్ దగ్గర అర క్షణం చెయ్యి జారితే పడే లెక్క ఇది. 50 ఏళ్ల సుతారి (తాపీ పనివాడు) అయితే గుణకం 153.09కి తగ్గుతుంది, అయినా మరణానికి 11 లక్షల పైమాటే. కొన్ని నెలలు పనికి రాలేని గాయమైతే పదిహేను రోజులకోసారి జీతంలో నాలుగో వంతు ఇవ్వాలి. వైద్యం ఖర్చు దీనికి అదనం.

ఒక ఇంటి కాంట్రాక్టులో మనకు మిగిలేదెంతో మనకు తెలుసు. ఒక్క ప్రమాదంతో రెండు మూడు ఇళ్ల మీద వచ్చిన లాభం పోతుంది.

"కూలీలు మేస్త్రి మనుషులు, నాకేం సంబంధం" అనే మాట మన దగ్గర చాలా వింటాం. చట్టం దాన్ని ఒప్పుకోదు. మన పనిని మేస్త్రికి గుత్తకిచ్చినా, అతని కింద పనిచేసే కూలీ పరిహారం మన దగ్గరే అడగొచ్చు. ఆ తర్వాత మనం మేస్త్రి దగ్గర వసూలు చేసుకోవచ్చు, కానీ ఏ సెంట్రింగ్ మేస్త్రి దగ్గర పదిహేను లక్షలుంటాయి? "ఏమైనా నాదే బాధ్యత" అని కూలీతో రాయించుకున్న కాగితమూ చెల్లదు.

నా దగ్గరున్న రెండూ ఎందుకు పలకలేదు

మొదటిది కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ, మనం సీఏఆర్ అంటాం. కడుతున్న కట్టడానికి నష్టం వస్తే ఇస్తుంది. వానకు పునాది గుంత కూలినా, నిప్పంటుకున్నా, సామాను పోయినా పాలసీ షరతుల మేరకు చూస్తుంది. ఇందులో బయటి వాళ్లకు జరిగే నష్టానికి ఒక భాగం ఉంటుంది. పైనుంచి ఇటుక జారి రోడ్డు మీద పోయే మనిషికి తగిలితే అది పనికొస్తుంది. మన కూలీ మాత్రం దాని లెక్కలో బయటివాడు కాడు. టెండర్ పనుల్లో సీఏఆర్ అడుగుతారు కాబట్టి అది ఉంటే అందరికీ కవర్ అయినట్టే అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

రెండోది గ్రూప్ పర్సనల్ యాక్సిడెంట్, జీపీఏ. ఇది మంచి పాలసీ. పనిలోనే కాదు, ఆదివారం ములుగు రోడ్డు మీద బండి మీద పోతూ పడ్డా ఇస్తుంది. డబ్బు తొందరగా కూడా వస్తుంది. తేడా ఒక్కటే, అది మనం ఎంచుకున్న మొత్తం మాత్రమే ఇస్తుంది. మనిషికి ఐదు లక్షలకు తీసుకుంటే ఐదు లక్షలే. చట్టం లెక్క పదిహేను లక్షలైతే మిగతాది మన నెత్తి మీదే. పైగా ఆ ఐదు లక్షలు ఇచ్చినంత మాత్రాన చట్టం ప్రకారం మనం కట్టాల్సింది తీరిపోయినట్టు కాదు, కుటుంబం పూర్తి పరిహారానికి కేసు వేయొచ్చు. పేర్లతో తీసుకుంటే ఇంకో చిక్కుంది. అడ్డా కూలీ ఇవాళ ఉంటాడు, రేపు ఉండడు. నా జాబితాలోని పన్నెండు మందిలో ఆ నెల సైటు మీద ఉన్నది నలుగురే.

లేబర్ కార్డు, ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఈ పోలికలోకి రావు, కానీ చేయించకుండా వదలకండి. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు భవన నిర్మాణ పని చేసినవాళ్లు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకుని లేబర్ కార్డు తీసుకోవచ్చు. సురక్షా బీమాకు బ్యాంకు ఖాతాలోంచి ఏడాదికి 20 రూపాయలు పోతాయి, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. అవి కార్మికుడి సొంత హక్కులు. మన బాధ్యతలోంచి పైసా కూడా తగ్గించవు. "లేబర్ కార్డు ఉంది గదా" అని పాలసీ మానేసిన కాంట్రాక్టర్లను చూశాను. ఆ కార్డు కూలీది.

ఈఎస్‌ఐనా, డబ్ల్యూసీనా?

పరిహార బాధ్యతను నిజంగా మోసేవి రెండే. ఈఎస్‌ఐ, అంటే ప్రభుత్వం నడిపే ఉద్యోగుల బీమా ఒకటి, డబ్ల్యూసీ (వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్) పాలసీ ఇంకోటి. దాన్నే ఇప్పుడు ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ అంటున్నారు.

ఈఎస్‌ఐ మన ఇష్టం మీద ఆధారపడింది కాదు. మామూలుగా పది మంది, అంతకు మించి పనిచేసే చోట, నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు వర్తిస్తుంది. యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం కట్టాలి. అది అమల్లో ఉన్న ప్రాంతాల్లో నిర్మాణ సైట్ల కార్మికులకూ 2015 ఆగస్టు 1 నుంచి వర్తింపజేశారు. నా అభిప్రాయంలో కార్మికుడి వైపు నుంచి చూస్తే ఈఎస్‌ఐయే మెరుగు. కుటుంబానికంతా వైద్యం దొరుకుతుంది. పనిలో దెబ్బ తగిలితే జీతంలో 90 శాతం వస్తుంది, చనిపోతే ఆధారపడినవాళ్లకు నెలనెలా పింఛను వస్తుంది. ఒకేసారి వచ్చిన పదిహేను లక్షలు అప్పులకూ పెళ్లిళ్లకూ కరిగిపోవడం మనం చూస్తూనే ఉంటాం. నెలనెలా వచ్చేది అలా కరగదు. ఈఎస్‌ఐలో ఉన్న మనిషికి పనిలో ప్రమాదమైతే యజమాని మళ్లీ విడిగా పరిహారం ఇవ్వాల్సిన అవసరం లేదు.

మరి చిక్కెక్కడ? వారం ఇక్కడ, వారం పరకాలలో, ఆ తర్వాత జనగామలో పనిచేసే సుతారికి చందా కట్టి, హాజరు చూపి, నంబరు నిలబెట్టడం కష్టం. ఛత్తీస్‌గఢ్ నుంచో, ఒడిశా నుంచో వచ్చి మూడు నెలలుండి పోయేవాళ్లకు ఇంకా కష్టం. అందుకే నేను సూపర్‌వైజర్, స్టోర్ కీపర్, ఏడాది పొడుగునా నాతో ఉండే ఆరేడుగురు సుతారులు ఈఎస్‌ఐలో ఉండేలా చూసుకున్నాను. రోజువారీ మారేవాళ్ల కోసం డబ్ల్యూసీ తీసుకున్నాను. మీకు ఈఎస్‌ఐ వర్తిస్తుందో లేదో అకౌంటెంటుతో ఒకసారి తేల్చుకోండి. వర్తించేచోట దాన్ని వదిలి డబ్ల్యూసీతో సరిపెట్టుకోవడం కుదరదు.

డబ్ల్యూసీలోనే మంచీ చెడూ

అసలు పోలిక చేయాల్సింది ఇక్కడే. రెండు కంపెనీల కొటేషన్లలో ప్రీమియం తేడా కనిపిస్తే అది ఎందుకొచ్చిందో చూడాలి. తక్కువకు ఇస్తున్నవాడు సాధారణంగా ఏదో ఒకటి తీసేసి ఉంటాడు.

నా మొదటి డబ్ల్యూసీ కొటేషన్ ఇంకా నా దగ్గర ఉంది. ఒక్క పేజీ. "ఉద్యోగుల సంఖ్య: 8. పని స్వభావం: సూపర్‌విజన్. నెల జీతం: 9,000." ప్రీమియం చూసి సంతోషించాను. తర్వాత చదువుతుంటే చెమట పట్టింది. సైటు మీద ఇరవై ఐదు మంది ఉంటారు. చేసేది ఎత్తు మీద సెంట్రింగ్ పని. సుతారికి రోజుకు 900 ఇస్తున్నాను. కాగితంలోని ఆ మూడింట్లో ఒక్కటీ నిజం కాదు. "ఏం గాదన్నా, అందరు గట్లనే రాపిస్తరు" అన్నాడు ఏజెంటు. ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ సర్వేయర్ వచ్చి చూసేది హాజరు పుస్తకాన్నీ, కూలి చెల్లింపులనూ. ఎనిమిది మందికి ప్రీమియం కట్టి ఇరవై ఐదు మందిని పెట్టుకుంటే క్లెయిమ్‌ను ఆ నిష్పత్తిలో కోస్తారు, లేదా మొత్తానికే తిరస్కరిస్తారు. కాబట్టి సంఖ్య, కూలి, పని రకం ఉన్నది ఉన్నట్టు రాయించండి. ఎత్తు మీద పని, కూల్చివేత, లోతు తవ్వకం ఉంటే అవి పాలసీ కాగితంలో మాటల్లో కనబడాలి. కూలి చెల్లింపుల మొత్తం మీద ప్రీమియం వేసే పాలసీలో ఏడాది చివర అసలు లెక్క చెప్పి సర్దుబాటు చేసుకోవచ్చు కాబట్టి, ముందు కొంచెం ఎక్కువ చూపినా నష్టం లేదు.

పేర్లతోనా, పేర్లు లేకుండానా అంటే నిర్మాణ పనికి పేర్లు లేనిదే తీసుకోండి. ఎన్ని ఎక్కువ మాటలు చెప్పినా నేను ఇందులో మారను. అడ్డా మీది నుంచి ఆ పొద్దున వచ్చిన మనిషే ఎక్కువగా పడతాడు. సైటు అతనికి కొత్త, పరంజా ఎక్కడ బలహీనమో తెలియదు.

రెండోది, మేస్త్రి మనుషులు. చాలా పాలసీల్లో సబ్ కాంట్రాక్టర్ల కార్మికులు విడిగా చేర్పిస్తేనే కవర్ అవుతారు. దీనికి కొంచెం అదనంగా కట్టాలి. ఇది లేని డబ్ల్యూసీ మన పనికి దాదాపు వృథా, ఎందుకంటే సెంట్రింగ్, రాడ్ బెండింగ్, ప్లంబింగ్, కరెంటు, టైల్స్ అన్నీ మనం గుత్తకిచ్చేవే. మేస్త్రి తన సొంత పాలసీ ఉందంటే కాపీ తీసుకుని, అందులో మన సైటు, ఆ తేదీలు ఉన్నాయో లేదో చూడండి.

మూడోది వైద్యం ఖర్చు. చట్టం ప్రకారం అది మనమే ఇవ్వాలి, కానీ పాలసీలో తరచూ విడిగా చేర్పించుకోవాల్సిన అంశం అది. మనిషికి ఇంత అని పరిమితి ఉంటుంది. ఎముకల ఆపరేషన్‌కు ఆసుపత్రిలో ఎంతవుతుందో మీకు తెలుసు, పాతిక వేల పరిమితి ఏ మూలకు? డబ్బు ఆదా చేయాలనుకుంటే ఇంకెక్కడైనా చేయండి, ఇక్కడ వద్దు. నూటికి తొంభై క్లెయిములు చావులు కావు, విరిగిన కాళ్లూ చేతులే అని నా అనుభవం.

ఇవి కాక అడగాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. పాలసీలో పాత 1923 చట్టం పేరు మాత్రమే ఉంటే, కొత్త కోడ్ కింద వచ్చే బాధ్యతకూ వర్తిస్తుందని ఎండార్స్‌మెంట్ (పాలసీకి జత చేసే రాత) అడగండి. కోడ్‌లో ఇంటి నుంచి పనికి వచ్చే దారిలో జరిగే ప్రమాదం కూడా పనితో సంబంధం ఉంటే చేరుతుంది, దాని సంగతీ తేల్చుకోండి. మే నెలలో రామగుండం, మంచిర్యాల వైపు పని పట్టుకునేవాళ్లు వడదెబ్బ గురించి ప్రత్యేకంగా అడగాలి. తాగి పడితే ఇవ్వబోమన్న షరతునూ జాగ్రత్తగా చదవండి. మనిషి చనిపోయినా, పూర్తిగా మంచాన పడినా, తాగి ఉన్నాడన్న కారణంతో యజమాని తప్పించుకునే వీలు చట్టంలో లేదు. పాలసీ తప్పించుకుంటే ఆ భారం మన మీదే పడుతుంది.

ప్రభుత్వ రంగ కంపెనీ మంచిదా, ప్రైవేటు మంచిదా అని అడుగుతారు. రెండింటి దగ్గరా తీసుకున్నాను. ప్రైవేటులో కొటేషన్ గంటలో వస్తుంది, మూడు నెలల పనికీ ఇస్తారు. ప్రభుత్వ రంగంలో ఊళ్లోనే ఆఫీసు ఉంటుంది, మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడొచ్చు. కంపెనీ కంటే పాలసీలో రాసిన మాటలే ముఖ్యమని తెలిశాక ఈ ప్రశ్న మీద ఎక్కువ సమయం పెట్టడం మానేశాను.

ఎవరికి ఏది?

ఏడాదికి ఒకటో రెండో ఇళ్లు కట్టేవాళ్లు పని కాలానికి సరిపడా, సైటు పేరుతో డబ్ల్యూసీ తీసుకుంటే చాలు. పేర్లు లేకుండా, మేస్త్రి మనుషులతో కలిపి, వైద్యం పరిమితి కనీసం లక్ష ఉండేలా చూసుకోండి. గడువు విషయంలో ఒక జాగ్రత్త. పని ఎప్పుడూ అనుకున్న దానికంటే రెండు నెలలు ఎక్కువే పడుతుంది. పాలసీ ముగిశాక జరిగే ప్లాస్టరింగ్, బయటి పెయింటింగ్ కూడా ఎత్తు మీది పనులే.

ఒకేసారి మూడు నాలుగు సైట్లు నడిపేవాళ్లకు ఏడాది పాలసీయే చౌక, కొత్త సైటు మొదలైనప్పుడల్లా దాన్ని చేర్పించాలి. గీసుగొండ, సంగెం వైపు టెక్స్‌టైల్ పార్కు లాంటి చోట షెడ్ల పని పట్టుకునేవాళ్లను పని ఇచ్చే కంపెనీయే సీఏఆర్, డబ్ల్యూసీ రెండూ అడగొచ్చు. అప్పుడు పాలసీలో ఆ కంపెనీ పేరు ప్రిన్సిపల్‌గా, అంటే పని ఇచ్చిన అసలు యజమానిగా ఎక్కించాలో లేదో ముందే కనుక్కోండి.

జీపీఏ తీసుకోవాలా అంటే, డబ్ల్యూసీ అయ్యాక డబ్బు మిగిలితే తీసుకోండి. నేను తీసుకుంటున్నాను. డబ్ల్యూసీ డబ్బు రావడానికి నెలలు పట్టొచ్చు, ఈలోగా ఆ ఇంట్లో పొయ్యి వెలగడానికి జీపీఏ ఉపయోగపడుతుంది. డబ్ల్యూసీ బదులు మాత్రం కాదు.

ప్రమాదం జరిగాక

పాలసీ సరిగ్గా ఉన్నా ఇక్కడ పోగొట్టుకునేవాళ్లున్నారు. అదే రోజు కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి, వాట్సాప్‌లో పెట్టినా మెయిల్ కూడా పంపండి. మరణం లేదా తీవ్ర గాయమైతే కార్మిక శాఖకు ఏడు రోజుల్లో నివేదిక ఇవ్వాలి. కూలి చెల్లింపులు ఫోన్‌పే, గూగుల్‌పేలో చేయడం అలవాటు చేసుకోండి, అతను మీ దగ్గర పనిచేశాడనడానికి అదే గట్టి సాక్ష్యం. కొత్త మనిషి వచ్చిన పొద్దున ఆధార్ ఫొటో తీసుకోండి, పరిహారం గుణకానికి వయసు కావాలి.

మన ఊళ్లలో చావు జరిగితే పెద్దమనుషులు కూర్చుని ఒక మొత్తం తేల్చి, అక్కడికక్కడే డబ్బు ఇప్పించి, కాగితం రాయిస్తారు. మనసుకు మంచి చేసినట్టే ఉంటుంది. కానీ మరణ పరిహారం పరిహారం తేల్చే అధికారం ఉన్న కార్మిక శాఖ అధికారి దగ్గరే జమ చేయాలి. నేరుగా కుటుంబం చేతికిచ్చినది చట్టం దృష్టిలో పరిహారం కాదు. అడ్వాన్సుగా ఇచ్చిన మూడు నెలల కూలి మేరకే మినహాయింపు దొరుకుతుంది. ఐదు లక్షలు పంచాయితీలో ఇచ్చి, మళ్లీ పదిహేను లక్షలు కట్టాల్సి రావచ్చు. తమకు తెలియకుండా ఇచ్చిన డబ్బును బీమా కంపెనీ కూడా తిరిగి ఇవ్వకపోవచ్చు. అంత్యక్రియలకు వెంటనే ఇవ్వండి, కుటుంబం పక్కన నిలబడండి, మిగతాది మాత్రం జమ చేసి రసీదు తీసుకోండి.

ఆలస్యం కూడా వద్దు. ఇవ్వాల్సిన రోజు నుంచి నెల దాటితే 12 శాతం వడ్డీ పడుతుంది, సరైన కారణం లేకపోతే పరిహారంలో సగం దాకా జరిమానా కూడా పడుతుంది. వడ్డీని, జరిమానాను చాలా పాలసీలు మోయవు. కంపెనీ క్లెయిమ్ తిరస్కరించిందని ఊరుకోనక్కర్లేదు. సొంత పేరు మీద వ్యాపారం చేసే చిన్నవాళ్లు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) ఫిర్యాదు చేయొచ్చు.

ఆ రోజు పడిన కుర్రాడు ఇప్పుడు పరంజా ఎక్కడు. కుంటుతూనే నా సైట్ల మీద స్టోర్, హాజరు చూస్తున్నాడు. పొద్దున ఎనిమిదింటికి కొత్త మనిషి గేటు దాటగానే ముందు ఆధార్ అడిగేది, ఫొటో తీసేది, పుస్తకంలో ఇంటిపేరుతో సహా రాసేది అతనే.